చెరొకరు

పిల్లలున్నవాళ్ళు మూడు నెలలు ఆలోచించుకోవాలట. లేనివాళ్ళకి ఒక్క నెల చాలట. పిల్లలు లేకపోతే బుర్ర త్వరగా పనిచేస్తుందని కాబోలు. ఆ సెప్టెంబరు మొదటి మంగళవారం ఫ్యామిలీ కోర్టు కౌంటరులో కూర్చున్నావిడ మా ఇద్దరి కాగితం మీద ముద్ర వేసి, డిసెంబరులో రెండు తేదీలు రాసిచ్చింది. మొదటి తేదీకి ఇద్దరిలో ఎవరు రాకపోయినా రెండోది ఉంటుంది. దానికీ రాకపోతే అసలు విడాకులే అడగనట్టు.

తర్వాత ఆవిడ పిల్లల పేజీ తిప్పి చూసింది. యుల్హీ, ఏడేళ్ళు, తండ్రి దగ్గర. గనూ, నాలుగేళ్ళు, తల్లి దగ్గర.

"అక్కాతమ్ముళ్ళని విడదీస్తున్నారా?" అంది.

"చెరొకరు. అదైతే ఎవరికీ అన్యాయం ఉండదని," అన్నాడు మా ఆయన కీహో.

ఆవిడ మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. "ఈ పేజీ డిసెంబరు దాకా మార్చుకోవచ్చు," అని మాత్రం చెప్పి, వెనకాల ఉన్నవాళ్ళని పిలిచింది.

ఆ పేజీని మేం ఇంట్లో అన్నం బల్ల దగ్గర ఇరవై నిమిషాల్లో నింపేశాం. నేను కొరియాలో, సియోల్ ఊళ్ళో, మా కొండవాడ సందుల్లో తిరిగే మినీ బస్సు నడుపుతాను. ఒక వారం తెల్లవారు షిఫ్టు, ఒక వారం మాపటి షిఫ్టు. కీహో లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకటో తరగతి బడి మధ్యాహ్నం ఒంటిగంటకే వదిలేస్తుంది, ఆ వేళకి ఇంట్లో మనిషుండాలి. కీహో వాళ్ళమ్మ ఉంది. అందుకని యుల్హీ అటు. గనూ వెళ్ళే డేకేర్ రాత్రి ఏడున్నర దాకా ఉంచుకుంటుంది, పొద్దున దింపడానికీ, మాపటి షిఫ్టు వారాల్లో తెచ్చి పడుకోబెట్టడానికీ మా పక్కింటావిడ ఒప్పుకుంది. అందుకని వాడు ఇటు. బస్సుల్ని రూట్లకి వేసినట్టు పిల్లల్ని వేసేశాం. టైములన్నీ కుదిరాయి కదా అని ఆ రాత్రి నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పుడు మాత్రం సిగ్గూ లేదు, ఏడుపూ లేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే బుగ్గ మనది కానట్టు ఉంటుందే, ఆ మూడు నెలలూ నాకు ఒళ్ళంతా అలాగే ఉంది. అన్నం తిన్నాను, బస్సు నడిపాను, ఎక్కినవాళ్ళకి నమస్కారం చెప్పాను. ఏదీ నాకు తగల్లేదు.

ఆ వారమే కీహో యుల్హీని తీసుకుని వాళ్ళమ్మింటికి వెళ్ళిపోయాడు. ఆదివారాలైనా పిల్లలిద్దరూ కలుసుకోవాలి కదా. మా అత్తగారి ఇల్లు ఊరికి ఉత్తరాన, మా ఇల్లు పడమట. మధ్యలో గ్యొంగ్‌బొక్ ప్యాలెస్ ఉంది. పిల్లలకి టిక్కెట్టు లేదు, పరిగెత్తడానికి బోలెడంత చోటు, పైగా ఎవరి ఇల్లూ కాదు. ఎప్పుడో పోయిన రాజులు మమ్మల్ని చూసి ఏమీ అనుకోరు. అలా ఆ ప్యాలెస్ ఖాయమైంది.

మొదటి ఆదివారం పెద్ద ద్వారం దగ్గర కాపలావాళ్ళు ఎర్ర అంగీలు, నల్ల టోపీలు వేసుకుని బొమ్మల్లా నిలబడి ఉన్నారు. గనూ ఒకాయన కిందికి వెళ్ళి తల పైకెత్తి చూశాడు.

"అక్కా, ఆ గడ్డం నిజందేనా?"

"అతికించుకున్నది. చెవి దగ్గర జిగురు కనిపిస్తోంది చూడు," అంది యుల్హీ.

"మామయ్యా, నీ గడ్డం ఊడిపోతోంది!" అని వాడు అరిచాడు. ఆయన కదలకూడదు కదా, పెదవి మాత్రం ఓ పక్కకి వణికింది. కీహో నవ్వాడు. నేనూ నవ్వాను, లేదా నవ్వినట్టు మొహం పెట్టాను.

లోపల సింహాసనపు మందిరం ముందు రాతి ముంగిలి. నడుమ మూడు వరసల బాట ఉంటుంది. మధ్య వరస కాస్త ఎత్తు, అది రాజుగారికి. అటూ ఇటూ కొలువులోవాళ్ళకి. యుల్హీ అక్కడ నిలబడి చేతులు నడుముకి పెట్టుకుని పంపకాలు మొదలుపెట్టింది.

"నాన్న ఇటు. అమ్మ అటు. మధ్యలోది రాజుది. నేనూ గనూ రాజులం."

"ఒకే దారికి ఇద్దరు రాజులేంటే?" అన్నాడు కీహో.

"ఇక్కడంతే. నువ్వు మాట్లాడకూడదు, తల దించుకుని నడవాలి."

"చిత్తం మహారాజా. అయితే మహారాజా, ఈ సేవకుడికి ఆకలేస్తోంది, సెలవిప్పిస్తే రెండు కిమ్‌బప్ ముక్కలు తినొస్తాను."

వాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మధ్యలో, మేమిద్దరం చెరో పక్కనా, అలా మందిరం దాకా నడిచాం. నేనూ కీహో ఒకరినొకరు "యుల్హీ నాన్నా", "యుల్హీ అమ్మా" అనే పిలుచుకుంటాం, మా వాళ్ళందరిలాగే, పెద్దపిల్ల పేరు పెట్టి. అది పుట్టాక సొంత పేర్లతో పిలుచుకున్నది లేదు. ఇప్పుడు ఆ పిల్ల ఆయన వాటా. రేపు నన్ను ఏమని పిలుస్తాడో ఇద్దరికీ తెలియలేదు. అందుకని పిలుపుల్లేకుండానే మాట్లాడుకున్నాం.

"దగ్గు తగ్గిందా వాడికి?"

"తగ్గింది. పడుకునేముందు ఇంకా కొంచెం ఉంది."

"డిక్టేషన్ పుస్తకం కావాలన్నారు బడిలో. కొన్నాను."

"మంచిది."

డిపోలో బండి చేతులు మారేటప్పుడు డ్రైవర్లం ఇలాగే మాట్లాడుకుంటాం. బ్రేకు బాగుంది, ఎడమ అద్దం కాస్త వదులు, వెనక తలుపు గట్టిగా నొక్కాలి. తర్వాత దిగిపోతాం.

సాయంత్రం మెట్రోలో మా ప్లాట్‌ఫారం ఇటు, వాళ్ళది అటు. మధ్యలో పట్టాలు. పిల్లలు అటూ ఇటూ నిలబడి చేతులూపుకున్నారు. ఎవరూ ఏడవలేదు. బాగా జరిగిందనుకున్నాను.

సెప్టెంబరు చివర చూసొక్ వచ్చింది. పంటల పండగ. మా అత్తగారు రెండు రోజుల ముందు ఫోన్ చేసింది.

"కాగితం డిసెంబరుకి గాని తేలదన్నారుగా. అందాకా నా కోడలివే. వచ్చి అట్లు వెయ్యి."

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి కూడా కొంచెం ఓపిక కావాలి. నేల మీద పాత పేపర్లు పరిచి, కరెంటు పెనం పెట్టుకుని, చేప ముక్కలూ గుమ్మడికాయ చక్రాలూ పిండిలో దొర్లించి, గుడ్డు సొనలో ముంచి వేస్తూ కూర్చున్నాను. పెద్దలకి పెట్టే పళ్ళాల్లోకి అవన్నీ ఒకే సైజులో ఉండాలని మా అత్తగారి పట్టుదల. ఆవిడ ఎదురుగా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చిక్కుడు కాడల ఈనెలు తీస్తోంది. పిల్లలు పక్కగదిలో ఒకే దుప్పటి కింద పడుకున్నారు.

"యుల్హీ మిమ్మల్ని విసిగిస్తోందా అత్తయ్యా?"

"విసిగిస్తే బాగుండును. చెప్పకుండానే పళ్ళు తోముకుంటుంది. చెప్పకుండానే పడుకుంటుంది. తిన్న గిన్నె తనే కడుగుతుంది. ఏడేళ్ళ పిల్లలా ఉందా అది? అద్దెకి దిగిన మనిషిలా ఉంది."

నేను అట్టు తిప్పాను. ఆవిడే మళ్ళీ అంది.

"రేపు ఉల్సాన్ నుంచి వస్తాడు చూడు కీసొక్, ఎవరనుకుంటున్నావు వాడు?"

"మీ బావగారి అబ్బాయి కదా."

"నేను కన్నవాడే."

తొమ్మిదేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఆయనకి టీ అందిస్తున్నాను. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మీ మావగారి అన్నకి మగపిల్లలు లేరు. పెద్దలకి దండం పెట్టేవాడు ఉండాలని అడిగారు. మూడేళ్ళవాణ్ణి ఎత్తుకెళ్ళి ఇచ్చొచ్చాం. అప్పట్లో తప్పు కాదది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వాడు నన్ను పిన్నీ అంటాడు."

"మరి యుల్హీ నాన్నకి అప్పుడు తెలిసిందా?"

"ఐదేళ్ళు అప్పుడు వాడికి. తమ్ముడొస్తాడని కొన్నాళ్ళు గుమ్మం దగ్గర కూర్చునేవాడు. తర్వాత మానేశాడు. మానేశాడు కదా, మరిచిపోయాడనుకున్నాను."

"బాగానే ఉన్నారుగా."

"నువ్వే చెప్పాలి. తొమ్మిదేళ్ళు కాపురం చేశావు. వాడు ఎప్పుడైనా నోరు తెరిచి నీతో ఏమైనా చెప్పుకున్నాడా?"

 మా ఇంట్లో గొడవలు లేవు. తలుపులు వేసుకోవడం, టీవీ పెట్టుకోవడం, చీటీలు రాసి ఫ్రిజ్‌కి అంటించుకోవడం, అంతే. ఆ ఇంట్లో పెరిగిన యుల్హీ తలుపు చప్పుడైతే చాలు, ఎవరి మొహం ఎలా ఉందో ముందు చూసుకుని తర్వాత మాట్లాడేది.

"మాడుతోంది, తిప్పు," అంది మా అత్తగారు.

మర్నాడు ఉల్సాన్ నుంచి వచ్చినాయన పెద్దలకి దండం పెట్టి, నాలుగు మెతుకులు తిని, ట్రాఫిక్ పెరగకముందే వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆయనా కీహో ఒకరినొకరు చూసుకోకుండా బూట్లు తొడుక్కున్నారు. లిఫ్టు కోసం ఎదురుచూసే ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు అలాగే ఉంటారు. వాళ్ళ చెవులు ఒకేలా ఉన్నాయని ఆరోజే చూశాను. చూశాను గానీ అదీ నన్ను తాకలేదు. అట్లు డబ్బాలో పెట్టుకుని, గనూని తీసుకుని ఇంటికొచ్చేశాను.

అక్టోబరులో ఆకులు పసుపు తిరిగాయి. ఒక ఆదివారం మా అత్తగారు పిల్లలకి పండక్కి కుట్టించిన హన్‌బొక్ బట్టలు తొడిగి పంపింది. యుల్హీ మమ్మల్నీ వేసుకోమని పట్టుబట్టింది. హన్‌బొక్ వేసుకుంటే పెద్దవాళ్ళకీ టిక్కెట్టు ఉండదు.

"మనిషికి మూడువేల వోన్లు మిగులుతాయని ముప్ఫైవేలు పెట్టి అద్దెకి తెచ్చుకోవాలి. రాజుల సొమ్ము రాళ్ళపాలైతే మన సొమ్ము బట్టలపాలు," అని గొణుక్కుంటూనే కీహో ద్వారం ఎదురు సందులోని దుకాణంలోకి నడిచాడు. కొలువు ఉద్యోగి టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. దాని రెక్కలు రెండు పక్కలా ఊగుతున్నాయి. గనూ పడీ పడీ నవ్వాడు.

దుకాణం ఆవిడ నాకు రిబ్బను ముడి వేస్తూ పిల్లల్ని చూసి మెచ్చుకుంది. "ఎంత బుద్ధిమంతులమ్మా! నాకూ ఇద్దరున్నారు. పది నిమిషాలు కలిసుంటే జుట్లు పట్టుకుంటారు. వీళ్ళు అసలు కొట్టుకోరా?"

"కొట్టుకోరండీ," అన్నాను. నిజమే. అంతకుముందు రోజూ కొట్టుకునేవాళ్ళు. రబ్బరు కోసం, కిటికీ సీటు కోసం, పెరుగు డబ్బా మూత ఎవరు నాకాలన్న దాని కోసం కూడా. సెప్టెంబరు నుంచి ఒక్కసారీ లేదు. పెద్దవాళ్ళవుతున్నారనుకున్నాను.

కొలను మధ్యలో ఉండే పెద్ద మండపం ముందు, తెల్లజుట్టు విదేశీ దంపతులు మమ్మల్ని ఆపి, ఫొటో తీసుకోవచ్చా అని సైగ చేశారు. నలుగురం నిలబడ్డాం. ఆవిడ ఇంకా దగ్గరికి జరగమని చేతులతో చూపించింది. జరిగాం. ఇంకా అంది. కీహో నా భుజం మీద చెయ్యి వేశాడు, వేసీ వేయనట్టు. ఆవిడ ఫోన్ దించి, రెండు చేతులూ గుండెకి ఆనించుకుని ఏదో అంది. భాష తెలియకపోయినా అర్థమైంది. ఏ దేశంలోనో, ఎవరి ఫోన్లోనో మేం నలుగురం ఇప్పటికీ నవ్వుతూనే ఉండి ఉంటాం.

నవంబరు మూడో ఆదివారం చలి ముదిరింది. కీహో ద్వారం బయట బండి దగ్గర కాల్చిన చెస్ట్‌నట్లు కొని, పొట్లం యుల్హీ చేతికిచ్చాడు. లోపల తినకూడదు, జేబులో పెట్టుకో అని చెప్పాను. కాసేపటికి చూస్తే పిల్లలు లేరు. కంగారు పడాలి కదా, పడలేదు. వాళ్ళు చివరిసారి కనిపించిన వైపే నడిచాను. ముసలి రాణిగారి ఇంటి వెనక ఇటుక గోడ ఒకటుంది. పొగగొట్టాల గోడ. దాని మీద లేళ్ళూ కొంగలూ చెక్కి ఉంటాయి. అక్కడినుంచి యుల్హీ గొంతు వినిపించింది. బళ్ళో పాఠం ఒప్పజెప్పించుకునే టీచరు గొంతు.

"అమ్మ చీకట్లోనే బస్సుకి వెళ్ళిపోయింది. నువ్వు లేచావు. ఏం చేస్తావు?"

"ఏడవను."

"ఊఁ. తర్వాత?"

"దీపం వేసుకుంటాను. పక్కింటి అత్త వచ్చేదాకా దుప్పట్లో కూచుంటాను."

"తలుపు ఎవరైనా కొడితే?"

"అత్త గొంతైతేనే తీస్తాను."

"నోరు తెరువు." గింజ నమిలిన చప్పుడైంది. "రాత్రి కల వచ్చింది. భయమేసింది. ఏం చేస్తావు?"

"గోడవైపు తిరిగి పడుకుంటాను."

"నేనుంటానా?"

"ఉండవు."

"ఎక్కడుంటాను?"

"నానమ్మింట్లో."

"అయితే నన్ను పిలుస్తావా?"

 నేను గోడ ఇవతలే నిలబడి ఉన్నాను.

"గనూ. పిలుస్తావా?"

"పిలవను."

"ఎందుకు?"

"వినపడదు కాబట్టి."

"ఊఁ. నోరు తెరువు."

ఇటుక మీద కొంగ ముక్కు విరిగి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి నడిచి కీహో దగ్గరికి వచ్చాను. "కనిపించారా?" అన్నాడు. "ఆడుకుంటున్నారు," అన్నాను. బయటికెళ్ళాక పుల్లలకి గుచ్చిన చేప ముద్దలు తిని, కాగితం కప్పుల్లో వేడి చారు తాగాం. నాలుక కాలింది. కాలిందని రాత్రి అన్నం తినేటప్పుడు గాని తెలియలేదు.

ఆ వారమంతా తెల్లవారు షిఫ్టు. నాలుగింటికి లేచి బట్టలు వేసుకుంటుంటే, గనూ కదిలినట్టనిపించి గుమ్మంలో ఆగేదాన్ని. వాడు మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్నాడని రెండో రోజు కనిపెట్టాను. రెప్పలు వణుకుతున్నాయి. పిలిస్తే పలుకుతాడు. పిలిస్తే నేను వెళ్ళలేను. దీపం ఆర్పేసి వెళ్ళిపోయాను.

డిసెంబరులో మొదటి తేదీ మంగళవారం పదింటికి. సెలవు కూడా పెట్టుకున్నాను. ఆ పొద్దున గనూని నేనే డేకేర్‌లో దింపి, మెట్రో వైపు వెళ్ళాల్సినదాన్ని డిపో వైపు నడిచాను. "సెలవన్నావుగా మీరాన్ అక్కా?" అన్నాడు డిపోలో కుర్ర డ్రైవరు. "అక్కర్లేకపోయింది," అన్నాను. పదింటికి బస్సు మార్కెట్ మలుపు తిరుగుతోంది. పదకొండింటికి ట్రిప్పు ముగించి ఫోన్ చూస్తే కీహోవి నాలుగు కాల్స్.

"ఏమైంది? ఒక్కణ్ణీ బెంచీ మీద కూర్చోబెట్టావు."

"ఇంకో తేదీ ఉందిగా."

"మనసు మారిందా?"

అతని గొంతులో ఆశ ఉందో భయముందో నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

"ఆదివారం మాట్లాడదాం," అని పెట్టేశాను.

ఆదివారానికి ముంగిలి రాళ్ళ మీద పల్చగా మంచు పడింది. పిల్లలు ఉన్ని టోపీలు పెట్టుకుని మంచు గోకుతున్నారు. మేం చూరు కింద మెట్ల పక్కన నిలబడ్డాం. అనాలనుకున్న మాట ముందే కూర్చుకుని వచ్చాను.

"ఆ పేజీ మార్చాలి. ఇద్దర్నీ ఒకే గడిలో రాద్దాం."

"ఏ గడిలో?"

"నీ పేరు కింద."

అతను నా వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత తిన్నగా చూశాడు.

"మతి పోయిందా? నీ దగ్గర ఉంచుకో ఇద్దర్నీ. నేను వాదించను."

"నేను నాలుగింటికి లేచిపోతాను. నా దగ్గరుంటే వాణ్ణి పెంచేది యుల్హీ. ఇప్పటికే పెంచుతోంది." గోడ వెనక విన్నదంతా చెప్పాను. పొల్లు పోకుండా, అదే వరసలో, స్టాపుల పేర్లు చదివినట్టు చదివాను. పిలవను, వినపడదు కాబట్టి, దాకా వచ్చాక అతను చేత్తో ఆపమన్నాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. తొమ్మిదేళ్ళలో అతను ఏడవడం చూసింది లేదు. చూడకూడదేమో అనిపించి నేను పిల్లల వైపు చూశాను.

"పోనీ కాగితమే వెనక్కి తీసుకుందామా?" అన్నాడు కాసేపటికి. "రెండో తేదీకి ఇద్దరం వెళ్ళకపోతే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు."

ఏమీ చెయ్యక్కర్లేదన్న మాట ఎంత తీయగా ఉందో చెప్పలేను. ఏమీ చెయ్యకుండానే తొమ్మిదేళ్ళు గడిపాం.

"మళ్ళీ ఆ ఇల్లేనా?" అన్నాను. "ఎవరి గదిలో వాళ్ళం. మధ్యలో యుల్హీ, మన మొహాలు చూసుకుంటూ?"

అతను కాదనలేదు. కాదంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను, అది మాత్రం దాచను.

"నువ్వెలా ఉంటావు ఒక్కదానివే?"

"పగటి షిఫ్టులుండే పని వెతుక్కుంటాను. దొరికాక మళ్ళీ మాట్లాడుకుందాం. అందాకా ఇద్దరూ ఒకే గదిలో పడుకోవాలి. బుధవారం, ఆదివారం నేను వస్తాను. ఇక్కడికి కాదు, ఇంటికే వస్తాను. అత్తయ్య కాదంటే గుమ్మంలో కూర్చుంటాను."

"అమ్మ కాదనదు. నిన్ను తిట్టకపోతే తనకి పొద్దుపోదు."

"మరి ఇంకొకటి. నువ్వు వాళ్ళతో మాట్లాడాలి. చీటీలు కాదు, నోటితో."

అతను తలూపాడు. ఊపి, నేను చూస్తూనే ఉన్నానని, "మాట్లాడతాను," అన్నాడు.

పిల్లల్ని పిలిచాం. యుల్హీ తమ్ముడి చెయ్యి పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. అలవాటుగా ముందు నా మొహం, తర్వాత వాళ్ళ నాన్న మొహం చూసుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. మంచు చల్లదనం ప్యాంటులోంచి ఎక్కింది.

"ఇకనుంచి నువ్వూ గనూ ఒకే చోట ఉంటారు. నానమ్మింట్లో. నాన్న దగ్గర."

"ఇద్దరమా?"

"ఇద్దరూ."

"ఆదివారాలా?"

"అన్ని రోజులూ. రాత్రిళ్ళు కూడా."

అది వెంటనే నమ్మలేదు. వాళ్ళ నాన్న వైపు చూసింది. కీహో గొంతు సవరించుకుని, "అవును తల్లీ. వచ్చే వారమే వాడి పరుపు తెచ్చేస్తాను," అన్నాడు.

"మరి అమ్మ?"

"నేను బస్సు దగ్గర ఉంటాను. వారానికి రెండుసార్లు వస్తాను. ఫోన్ చేస్తే ఎప్పుడైనా ఎత్తుతాను, నడుపుతున్నప్పుడు తప్ప."

యుల్హీ బుర్రలో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూసింది. నేను ఏడుపు కోసం సిద్ధపడ్డాను. నన్ను వదిలేస్తున్నావా అని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు కూడా కూర్చుకుని ఉంచాను. అది అడగలేదు. ఊపిరి ఒకటి పొడుగ్గా వదిలింది. ముక్కుల్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. తర్వాత, "వెళ్ళి ఆడుకోవచ్చా?" అంది.

"వెళ్ళండి."

ఇద్దరూ మంచులోకి పరిగెత్తారు. కీహో బుధవారాలు ఎన్నింటికి కుదురుతుందని ఏదో అడుగుతున్నాడు, నేనేదో చెబుతున్నాను. పది నిమిషాలు కూడా కాలేదు. ముంగిలి అవతల నుంచి అరుపులు మొదలయ్యాయి.

"అది నా ముద్ద! నేను చేసుకున్నా!"

"నా మంచుతో చేశావు! ఈ రాయి దగ్గరది నాది!"

"రాయి నీదా? ఇంటికెళ్ళాక నా రంగు పెన్సిళ్ళు ముట్టుకుంటే చూడు, చెయ్యి విరుస్తా!"

"ముట్టుకుంటా!"

యుల్హీ వాణ్ణి రెండు చేతులతో నెట్టింది. వాడు వెల్లకిలా పడి, లేచి, దాని జడ పట్టుకున్నాడు. అది వాడి వీపు మీద చరిచింది. ఆ దెబ్బ చప్పుడు ముంగిలంతా మోగింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎవరో ముసలాయన, "రాజుగారి కొలువులో ఇదేం రచ్చర్రా!" అని కేకేశాడు. గనూ నోరంతా తెరిచి, మూడు నెలల ఏడుపంతా ఒకేసారి ఏడ్చాడు. వాడు అంత గట్టిగా ఏడవగలడన్న సంగతే నేను మరిచిపోయాను.

ఏడుస్తూ మా వైపు పరిగెత్తుకొచ్చాడు, చేతులు చాచి, తిన్నగా నా మీదికి. అప్పుడు తగిలింది నాకు. సెప్టెంబరు నుంచీ తగలనిదంతా ఒక్కసారి తగిలింది. ఎక్కడని చెప్పను, అన్నిచోట్లా. నా చేతులు వాటంతట అవే పైకి లేచాయి. బలవంతాన దించుకుని, వాడి భుజాలు పట్టుకుని, కీహో వైపు తిప్పాను.

"నాన్నతో చెప్పు," అన్నాను.